‘మీ ఇష్టం మేడమ్’ అంటే ఒప్పుకున్నట్టేనా?

విద్యార్థి వేతనాలు, కుట్టు మిషన్లు, రంజాన్ రేషన్‌తో పాటు మన సొసైటీ గత ఏడాది కొత్తగా ఒక పని తలకెత్తుకున్న సంగతి దాతలకు తెలుసు. మనసు బాగాలేని పిల్లలకు, తల్లులకు ఉచితంగా కౌన్సెలింగ్ ఇప్పించడం ఆ పని. నెల్లూరు నుంచి ఒక కౌన్సెలర్ నెలకు రెండు శనివారాలు సముద్రతీరంలోని ఒక ఊరికి వచ్చేవారు. మిగతా వారాల్లో ఫోన్‌లో మాట్లాడేవారు. పిల్లలను గుర్తించి, ఇంట్లో వాళ్లకు నచ్చజెప్పి తీసుకొచ్చే బాధ్యత ఉపాధ్యాయులమైన మాకు అప్పగించారు. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కారణం కొంచెం ముందుకు చదివితే తెలుస్తుంది.

ఒక శనివారం తొమ్మిదో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్లమ్మ వచ్చింది. అమ్మాయి మూడు నెలలుగా సరిగా తినడం లేదు. బడికి వచ్చినా బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటోంది. కౌన్సెలర్ తన ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, “అమ్మా, మన మాటలు ఇందులో రికార్డు అవుతాయి, నోట్సు అదే రాసిపెడుతుంది. మీకు అభ్యంతరం లేదు కదా?” అని అడిగారు. ఆమె ఒకసారి మా వైపు, ఒకసారి కౌన్సెలర్ వైపు చూసింది. “మీ ఇష్టం మేడమ్. మీరెట్టా చెప్తే అట్టా” అంది. కౌన్సెలర్ బటన్ నొక్కారు. అనుమతి తీసుకున్నట్టు ఫోన్‌లో ఒక టిక్కు పడింది.

ఆ కౌన్సెలర్‌ను తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె అడిగారు. అడగని వారూ ఉంటారు. మేమూ ఆ గదిలోనే ఉన్నాం, మాకూ అప్పుడేమీ అనిపించలేదు. ఇంటికి వెళ్లాక మనసు పీకింది. ముప్పై ఏళ్లుగా తల్లిదండ్రుల చేత కాగితాల మీద సంతకాలు, వేలిముద్రలు పెట్టిస్తున్నవాళ్లం మేము. ‘మీ ఇష్టం’ అనే మాట ఎప్పుడు వస్తుందో మాకు బాగా తెలుసు. విషయం అర్థమై ఒప్పుకున్నప్పుడు ఆ మాట రాదు. కాదంటే ఏమవుతుందో తెలియనప్పుడు వస్తుంది. ఉచితంగా సాయం తీసుకుంటున్న చోట మరీ త్వరగా వస్తుంది.

ఇంతకీ ఆ ఫోన్‌లో ఉన్నదేమిటి? కృత్రిమ మేధతో, అంటే ఏఐతో నోట్సు రాసే యాప్. గదిలోని మాటలను మైకు పట్టుకుంటుంది. ఇలాంటి చాలా యాప్‌లలో ఆ శబ్దం ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్లకు వెళ్తుంది. అక్కడ ఒక ప్రోగ్రాం మాటలను అక్షరాలుగా మారుస్తుంది. చాట్‌జీపీటీ లాంటి ఇంకో ప్రోగ్రాం ఆ అక్షరాలన్నీ చదివి ఒక పేజీలో సారాంశం తయారుచేస్తుంది. వచ్చిన మనిషి చెప్పిన బాధ ఏమిటి, కౌన్సెలర్ గమనించినది ఏమిటి, అంచనా ఏమిటి, ముందు చేయాల్సింది ఏమిటి అని విడదీసి మరీ ఇస్తుంది. కౌన్సెలర్ దాన్ని చదివి, దిద్ది, దాచుకోవాలి.

గమనించండి, ఒక్క గంట మాటలకు ఇప్పుడు మూడు వస్తువులు పుట్టాయి. గొంతు ఒకటి, మాటల పూర్తి పాఠం రెండు, సారాంశం మూడు. వెనకటికి పుట్టేది ఒకటే, కౌన్సెలర్ నోటుబుక్కులో నాలుగైదు వాక్యాలు. అవి కూడా ఆమె ఏరి రాసుకున్నవి. ఏడుస్తూ ఆ తల్లి అత్తగారి గురించి అన్న మాట, కోపంలో మొగుడిని తిట్టిన తిట్టు నోటుబుక్కులోకి ఎక్కేవి కావు. కొన్ని సంగతులు రాయకుండా వదిలేయడం కూడా రహస్యం కాపాడే పద్ధతే. యంత్రానికి ఆ వదిలేయడం లేదు, అంతా పట్టుకున్నాకే సారాంశం చేస్తుంది.

దీని వల్ల లాభం లేదని మేము అనం. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. కౌన్సెలర్లూ అంతే. ఒక మనిషి రోజుకు ఏడెనిమిది మందితో మాట్లాడి, రాత్రి కూర్చుని అందరి నోట్సూ రాయాలంటే ఎవరివల్ల అవుతుంది? మా కౌన్సెలర్ చెప్పిన మాట న్యాయమైనదే. నోట్సు బాధ తప్పితే కాగితం వైపు కాకుండా పిల్ల కళ్ల వైపు చూడగలుగుతున్నానని అన్నారు. వారానికి ఇద్దరు ఎక్కువ మందిని చూడగలుగుతున్నానని కూడా అన్నారు. దాతల డబ్బుతో నడిచే పనిలో ఇది చిన్న మాట కాదు. అయినా కొన్ని సంగతులు దాతలు తెలుసుకోవాలి.

ఫిన్లాండ్ దేశంలో వాస్తామో అనే సంస్థ ఉండేది. దేశమంతటా మానసిక చికిత్స కేంద్రాలు నడిపేది. థెరపిస్టులు టైపు చేసిన నోట్సన్నీ దాని కంప్యూటర్లలో ఉండేవి. వాటిని దొంగిలించిన సంగతి 2020 అక్టోబర్‌లో బయటపడింది. సుమారు 33,000 మంది రహస్యాలు పోయాయి. దొంగ ముందు సంస్థను డబ్బు అడిగాడు. ఆ తరువాత నేరుగా రోగులకే ఈమెయిళ్లు వెళ్లాయి. 200 యూరోల విలువైన బిట్‌కాయిన్ పంపకపోతే నువ్వు థెరపిస్టుతో చెప్పుకున్నదంతా ఇంటర్నెట్‌లో పెడతామని బెదిరింపు. కొందరివి పెట్టేశారు కూడా. సంస్థ దివాలా తీసింది. నేరం చేసినవాడికి 2024 ఏప్రిల్‌లో కోర్టు ఆరేళ్ల మూడు నెలల జైలుశిక్ష వేసింది. కానీ ఒకసారి బయటపడిన మాటను ఏ కోర్టు వెనక్కి తేగలదు? అక్కడ ఏఐ లేదు, గొంతు రికార్డు లేదు, ఉన్నది టైపు చేసిన నోట్సే అని గుర్తుంచుకోవాలి. మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్ అంతటి ఆసుపత్రి కంప్యూటర్లకే 2022 నవంబర్‌లో సైబర్ దాడి జరిగి, రోజుల తరబడి చేతిరాతతో పని నడపాల్సి వచ్చింది.

ప్రతిసారీ దొంగే రావాలని కూడా లేదు. అమెరికాలో బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ సంస్థ, మీ సంగతులు గోప్యంగా ఉంచుతామని చెప్పి, వాడకందారుల ఈమెయిళ్లూ మరికొన్ని వివరాలూ ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి కంపెనీలకు ఇచ్చిందని అక్కడి ప్రభుత్వ సంస్థ ఆరోపించింది. 2023లో 78 లక్షల డాలర్లు కట్టడానికి బెటర్‌హెల్ప్ ఒప్పుకుంది.

ఇక పొరపాట్ల సంగతి. ఉపాధ్యాయులుగా ఇది మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది. మాటలను అక్షరాలు చేసే విస్పర్ అనే ప్రోగ్రాంను అమెరికా పరిశోధకులు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. సుమారు నూటికి ఒక రికార్డింగ్ ముక్కలో మనిషి అసలు అనని వాక్యాలు వచ్చి చేరాయి. అలా చేరినవాటిలో మూడో వంతుకు పైగా హాని చేయగలవని వాళ్లు తేల్చారు. మాటల మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట ఈ కల్పన ఎక్కువగా కనిపించింది. కౌన్సెలింగ్ గదిలో ఉండేది సగం మౌనమే. ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి మొదటి రోజు ఇరవై నిమిషాలు నోరు విప్పలేదు.

అది ఇంగ్లీషు సంగతి. మన నెల్లూరు మాట వేరు. ‘రాత్రి అన్నం తిన్లా’, ‘నిద్ర పట్టలా’, ‘చచ్చిపోదామని ఏనాడూ అనుకోలా’ అంటాం. ‘లేదు’ అన్న అర్థమంతా చివరనున్న ఆ ఒక్క ‘లా’ మీద ఉంటుంది. గొంతు తగ్గించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నప్పుడు ఆ ‘లా’ వినపడకపోతే నోట్సులో అర్థం తలకిందులవుతుంది. పైగా మన ఇళ్లలో వాక్యం తెలుగులో మొదలై ఉర్దూలో ముగుస్తుంది. ‘నక్కో’ అన్న ఒక్క మాట ఒక పూట విసుగు, ఒక పూట గారాబం, ఇంకో పూట భయం. మనుషులకే ఆ తేడా పట్టడానికి ఏళ్లు పడుతుంది. కౌన్సెలర్ ప్రతి నోట్సునూ చదివి దిద్దాలన్న నియమం ఉన్నది ఇందుకే. కానీ సమయం లేదని యంత్రం తెచ్చుకున్నవారికి, యంత్రం రాసినదాన్ని తీరిగ్గా దిద్దే సమయం ఎక్కడిది?

కంపెనీవారు ఒక మాట అంటారు. పేరు, ఫోన్ నంబరు తీసేసి దాస్తాం కాబట్టి ఎవరికీ తెలియదని. పట్నంలో అది కొంతవరకు నిజం. తొమ్మిదో తరగతి ముస్లిం అమ్మాయి, తండ్రి కువైట్‌లో డ్రైవర్, తల్లి రొయ్యల షెడ్డులో పని అని రాస్తే హైదరాబాద్‌లో ఎవరికీ ఏమీ తెలియదు. మన తీరం ఊళ్లలో అలాంటి ఇల్లు ఒకటే ఉంటుంది. పేరు లేకపోయినా టీ కొట్టు దగ్గర కూర్చున్నవారెవరైనా చెప్పేస్తారు. ఊరి పేరు రాయకపోవడానికి కారణం అదే. పైన చెప్పిన వివరాల్లో కూడా రెండింటిని మేము మార్చి రాశాం.

తెలిస్తే ఏమవుతుంది అని అడిగేవారికి మన సంగతి తెలియదనుకోవాలి. ఏ.ఎస్.పేట దర్గాకు వెళ్లి పది రోజులుండి వస్తే మొక్కు తీర్చుకొచ్చారంటారు. కౌన్సెలర్ దగ్గరికి పది సార్లు వెళ్లి వస్తే పిచ్చి అంటారు. నాలుగేళ్ల తరువాత ఆ పిల్లకు సంబంధం చూసే రోజున ఎవరో ఒకరు ‘అప్పట్లో ఆ పిల్లకి ఏదో...’ అని అర్ధోక్తిలో ఆపితే చాలు. ఆ భయంతోనే ఎందరో తల్లులు పిల్లలను తీసుకురారు. గోప్యత మీద నమ్మకం పోతే, మన దాతలు ఎంత డబ్బు ఇచ్చినా ఆ శనివారం గదిలో కుర్చీలు ఖాళీగానే ఉంటాయి.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాం. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అదే ఏడాది వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మానసిక అనారోగ్యం, చికిత్సల వివరాలను రహస్యంగా ఉంచమని అడిగే హక్కు రోగికి ఇచ్చింది. కంప్యూటర్లో దాచినవాటికీ ఆ రక్షణ ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అనుమతి అంటే ఏమిటో చెప్పింది. బలవంతం లేకుండా, ఫలానా పనికి అని స్పష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా ఇచ్చినదే అనుమతి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలుండాలి. తెలుగూ ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. సమాచారానికి తగిన భద్రత కల్పించనివారికి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. గడువు ఉంది కదా అని మనం ఆగాల్సిన పని లేదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం 2025 ఆగస్టులో ఇంకా సూటిగా చట్టం చేసింది. రికార్డు చేసే సెషన్‌లో థెరపిస్టు ఏఐ వాడాలంటే, దేనికి వాడుతున్నారో ముందే రాతపూర్వకంగా చెప్పి రోగి అనుమతి తీసుకోవాలి.

రహస్యానికి హద్దు కూడా ఉంది, అది దాచకూడదు. ప్రాణం పోయే ప్రమాదం ఉన్నా, ఇంకొకరికి హాని జరిగేటట్టున్నా, కోర్టు అడిగినా అవసరమైనంత వరకు చెప్పాల్సి రావచ్చు. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలియజేసి తీరాలి. ఈ ముక్క మొదటి రోజే ఆ తల్లికీ పిల్లకీ చెప్పాలి, తరువాత చెబితే నమ్మకద్రోహం చేసినట్టు ఉంటుంది.

మనకు ఈ చట్టాలు రాకముందే అనుమతి మర్యాద తెలుసు. సూరా నూర్‌లో ఇతరుల ఇళ్లలోకి అనుమతి అడిగి, సలాం చెప్పిన తరువాతే వెళ్లాలని, వెనక్కి వెళ్లమంటే వెళ్లిపోవాలని ఉంది. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే తిరిగిపోవాలన్నది ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. జవాబు రాకపోవడాన్ని సరే అన్నట్టుగా తీసుకోమని ఎక్కడా లేదు. వెనక్కి పొమ్మన్నవారి మీద అలగకూడదు కూడా. సూరా హుజురాత్ ఇతరుల గుట్టు వెతకడాన్నీ గీబత్‌నూ ఒకేచోట నిషేధించింది. మనిషి ఇంటి గడప దగ్గర ఇంత మర్యాద పాటించేవాళ్లం, మనసు గడప దగ్గర ‘మీ ఇష్టం’ అన్న మాట చాలని లోపలికి వెళ్లిపోతున్నాం.

ఇప్పుడు కొంచెం ఇబ్బందైన సంగతి, మన సొసైటీ లోపలిది. యంత్రం ఇచ్చే నోట్సు చక్కగా, అచ్చువేసినట్టు ఉంటాయి. కమిటీ సమావేశంలో ఒకరు, “పేర్లు తీసేసి వీటినే దాతలకు రిపోర్టుగా పంపితే ఎంత బాగుంటుంది” అన్నారు. మేమూ తలూపాం. తలూపినందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాం. దాతలు అడగడంలో తప్పు లేదు, డబ్బు ఎటు పోయిందో తెలుసుకోవాలి. బియ్యం బస్తాలకు లెక్క ఉంటుంది, కుట్టు మిషన్‌కు ఫోటో ఉంటుంది. (ఆ ఫోటోల సంగతి కూడా ఒకరోజు మాట్లాడుకోవాలి. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వని దానం గురించి ప్రతి రంజాన్‌లో వింటాం, ప్రతి సావనీర్‌లో చెక్కు అందుకుంటున్న వితంతువు ముఖం పెద్దగా వేస్తాం.) కౌన్సెలింగ్‌కు అలాంటి రుజువు అడిగితే, అది ఎవరి గుండెలోదో తీసి చూపించాల్సి వస్తుంది.

మాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. చాలా ఏళ్ల క్రితం ఒక అబ్బాయి తన ఇంటి సంగతి ఒకటి మాతో చెప్పుకున్నాడు. మంచి ఉద్దేశంతోనే స్టాఫ్ రూమ్‌లో ఇద్దరితో అన్నాం. సాయంత్రానికల్లా వాళ్ల నాన్న చెవిన పడింది. మరుసటి సోమవారం నుంచి ఆ అబ్బాయి బడికి రాలేదు. అప్పుడు రికార్డు చేసిన యంత్రమేమీ లేదు.

ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి దగ్గరకు తిరిగి వద్దాం. మూడు వారాల తరువాత మేము అడిగితే, కౌన్సెలర్ పెద్దమనసుతో మళ్లీ మొదటినుంచి అనుమతి అడగడానికి ఒప్పుకున్నారు. ఈసారి పది నిమిషాలు పట్టింది. ఈ ఫోన్‌లో మీ గొంతు పడుతుంది, అది వేరే ఊళ్లో ఒక కంపెనీ కంప్యూటర్‌కి వెళ్తుంది, అక్కడ ఇన్ని రోజులుంటుంది, వద్దంటే నేను చేత్తో రాసుకుంటాను, వద్దన్నా మీకు జరిగే కౌన్సెలింగ్‌లో ఏ మార్పూ ఉండదు, సొసైటీ సాయం ఏదీ ఆగదు అని ఒక్కొక్కటిగా చెప్పారు. తల్లినీ బిడ్డనూ విడివిడిగా అడిగారు.

తల్లి చాలాసేపు ఆలోచించి, “కువైట్‌లో ఉండే వాళ్ల అబ్బాకి ఇది వినపడుద్దా మేడమ్?” అంది. సర్వర్లు, కంపెనీలు, హ్యాకర్ల గురించి మేము పుస్తకాలు తిరగేస్తున్నాం, ఆమె భయం అది. పిల్లను అడిగితే, “మా అమ్మకి వినిపిస్తారా?” అంది. కౌన్సెలర్ నిజాయితీగా, “వినిపించను. కానీ రికార్డు అంటూ ఉంటే ఎప్పటికీ ఎవరికీ చేరదని ప్రమాణం చేసి చెప్పలేను” అన్నారు. ఇద్దరూ వద్దన్నారు. కౌన్సెలర్ ఫోన్ బ్యాగులో పెట్టేసి నోటుబుక్కు తీశారు. పాత మూడు రికార్డులూ యాప్‌లోంచి తీసేసి, కంపెనీ దగ్గర ఉన్నవీ తుడిచేయమని అడిగారు. అందరూ వద్దనలేదు. డిగ్రీ చదివే ఒక కుర్రాడు హాయిగా ఒప్పుకున్నాడు, తన సారాంశం తనకూ పంపమని అడిగి తీసుకున్నాడు. అదీ అనుమతే.

ఈ వ్యాసం రాసిన తరువాత ఆ తల్లికీ అమ్మాయికీ చదివి వినిపించాం. అచ్చు వేసుకోమన్నారు. ఒక్క వాక్యం మాత్రం తీసేయమన్నారు. తీసేశాం.

ఈ ఏడాది నుంచి కమిటీ ఒప్పుకున్న పద్ధతి ఇదీ. రికార్డు ఆపి ఉండడమే మామూలు, కావాలని అడిగితేనే మొదలు. అనుమతి కాగితం తెలుగులో, ఉర్దూలో ఉంటుంది, చదవలేనివారికి చదివి వినిపిస్తారు, మధ్యలో ఎప్పుడైనా వద్దనవచ్చు. దాతలకు వచ్చే రిపోర్టులో ఎన్ని సెషన్లు జరిగాయి, ఎంత ఖర్చయింది అన్న అంకెలే ఉంటాయి, ఏ ఒక్కరి కథా ఉండదు. శనివారం దాకా ఆగలేని పరిస్థితిలో ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416 గోడ మీద రాయించాం. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.

చేత్తో నోట్సు రాయడానికి కౌన్సెలర్‌కు ఒక్కో సెషన్‌కు పావుగంట అదనంగా పడుతుంది. ఆ సమయానికి డబ్బు ఇవ్వకుండా యంత్రం వాడొద్దని ఆమెను అడిగే హక్కు మనకు లేదు. దాతలు ఈసారి బడ్జెట్ కాగితంలో ‘నోట్సు సమయం’ అనే కొత్త పద్దు చూస్తారు. అది ఈ పావుగంటల ఖర్చే.